సి మైనర్‌లో అంత ఏముంది? బీథోవెన్ మాటిమాటికీ అక్కడికే ఎందుకు వెళ్ళాడు?

కీబోర్డ్ కిట్టు | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ముప్పై ఆరేళ్ళ వయసులో కీబోర్డ్ మొదలుపెట్టాను, నవ్వకండి. ఇప్పుడు షోపాన్ ప్రెల్యూడ్ ఒకటి సాధన చేస్తున్నా, ఓపస్ 28 (ఓపస్ అంటే స్వరకర్త రచనకిచ్చే నంబరు)లో 20వది. మొత్తం 13 బార్లే (బార్ అంటే మన తాళంలో ఆవర్తనంలాంటిది). మొదటి నాలుగు బార్లు చాలా గట్టిగా, తర్వాతి నాలుగు మెల్లగా, ఆ పైన ఇంకా మెల్లగా. శవయాత్ర మన వీధిలోంచి వెళ్ళి మలుపు తిరిగినట్టు ఉంటుంది.

గొడవేమిటంటే అది సి మైనర్. మూడు ఫ్లాట్లు, అంటే అరమెట్టు దించిన స్వరాలు. నా వేళ్ళకి బ్లాక్ కీలంటే భయం. అందుకని ట్రాన్స్‌పోజ్ బటన్ +3 పెట్టి (అన్ని స్వరాలూ మూడు అరమెట్లు పైకి జరుగుతాయి), ఎ మైనర్‌లో వాయించి, రికార్డ్ చేసి మా మాస్టారికి పంపాను. స్పీకర్‌లోంచి వచ్చేది సి మైనరే కదా! ఆయన వీడియో చూసి ఒకే ముక్క రాశారు: "బటన్ తీసి వాయించు."

అప్పటినుంచీ ఒకటే ఆలోచన. మైనర్ స్కేళ్ళు పన్నెండు ఉన్నాయి, అన్నింటి అమరికా ఒకటే. మరి బీథోవెన్ ఐదో సింఫనీ, పథెటిక్ సొనాటా, మూడో పియానో కాన్సర్టో, ఆఖరి సొనాటా అన్నీ సి మైనరే ఎందుకు? మోజార్ట్, బ్రామ్స్, రహ్మానినోవ్ కూడా ఇక్కడే కనిపిస్తున్నారు. బటన్ నొక్కితే మారిపోయేదానికి ఇంత మోజు ఏమిటి?

శ్రుతిపెట్టె | శనివారం, రాత్రి 11:15

కిట్టుగారూ, మీ బటనే కరెక్ట్. మీ మాస్టారు క్షమించాలి.

మన లెక్కలో సి మైనర్ అంటే ఒకటి శ్రుతిలో నటభైరవి. నిషాదం పెంచితే కీరవాణి. ఆరోహణలో ధైవతం కూడా పెంచితే గౌరీమనోహరి. వాళ్ళు ఈ మూడింటినీ కలిపి ఒక్క పేరుతో పిలుస్తారు, అంతే తేడా. త్యాగరాజస్వామి 'కలిగియుంటే' కీరవాణిలో చేశారు. దాన్ని ఒకటిన్నరలో పాడినా అయిదున్నరలో పాడినా కీరవాణే. భావం రాగానిది, శ్రుతి గొంతుది. ఈ కీర్తన ఒకటి శ్రుతిలోనే పాడాలి, లేకపోతే బాధ పలకదు అని నాకు ఏ గురువూ చెప్పలేదు.

బీథోవెన్ మన త్యాగయ్య కంటే మూడేళ్ళు చిన్న. ఒకే కాలంవాళ్ళు. ఒకరికి శ్రుతి పట్టింపే లేదు, ఇంకొకరికి అదే ప్రాణం. నాకైతే ఇది అలవాటుకి పెట్టిన గొప్ప పేరులా ఉంది.

ఆరున్నొక్క రాగం | శనివారం, రాత్రి 11:32

అలవాటు కాదు, దానికి పెద్ద శాస్త్రమే రాశారు! షూబార్ట్ అని ఒక జర్మన్ కవి (షూబర్ట్ కాదు, ఈయన వేరు) జైల్లో కూర్చుని 1784–85 ప్రాంతంలో ప్రతి స్కేల్‌కీ ఒక స్వభావం రాసుకొచ్చాడు. 1806లో పుస్తకంగా అచ్చయింది. దాని ప్రకారం సి మైనర్ అంటే ప్రేమను చెప్పుకోవడం, అదే సమయంలో దక్కని ప్రేమకి ఏడవడం.

రెండేళ్ళకి 1808 వచ్చింది. ఐదో సింఫనీ. డడడ డాఁ. ఇందులో ప్రేమలేఖ ఎక్కడుందో షూబార్టే చెప్పాలి.

గిటార్ గిరి | ఆదివారం, ఉదయం 7:05

మా గిటార్‌వాళ్ళకి సి మైనర్ అంటే కేపో (మెడ మీద బిగించే క్లిప్పు) మూడో ఫ్రెట్‌లో పెట్టి ఎ మైనర్ షేప్‌లు వాయించడమే. కిట్టు అన్న చేసిందే మేం రోజూ చేస్తాం, మమ్మల్ని ఎవరూ తిట్టరు 😀

మోడరేటర్ | ఆదివారం, ఉదయం 8:20

సినిమా పాటల స్కేల్ ఏమిటని అడిగిన రెండు పోస్టులను వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ కిట్టుగారి ప్రశ్నే మాట్లాడుకుందాం.

డల్లాస్ చెల్లో | ఆదివారం, ఉదయం 9:50

కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి. మా ఊరి కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో ఆరేళ్ళుగా చెల్లో వాయిస్తున్నాను. ఈ ప్రశ్నకి జవాబు పుస్తకంలో కన్నా నా తొడల మధ్య ఉన్న పెట్టెలో ఎక్కువ దొరికింది.

చెల్లోకి నాలుగు తీగలు: సి, జి, డి, ఎ. వయోలాకీ అవే, ఒక ఆక్టేవ్ పైన. వయొలిన్‌కి జి, డి, ఎ, ఇ. వేలు పెట్టకుండా తీగని మీటితే లేదా బో లాగితే పెట్టె మొత్తం మోగుతుంది. వేలు పెట్టి వాయించిన స్వరం కూడా, దానికి సరిపోయే ఖాళీ తీగ పక్కన ఉంటే, దాన్ని కూడా కదిలిస్తుంది. మన తంబురా జీవారి తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

ఇప్పుడు డి మేజర్ తీసుకోండి (మేజర్ అంటే మన శంకరాభరణం అమరిక). వయొలిన్ నాలుగు తీగలూ ఆ స్కేల్‌లో ఉన్న స్వరాలే. అన్నీ మోగుతాయి. బీథోవెన్, బ్రామ్స్, చైకోవ్‌స్కీ ముగ్గురూ తమ వయొలిన్ కాన్సర్టోలు డి మేజర్‌లోనే రాశారంటే ఊరికే కాదు.

సి మైనర్‌కి రండి. స్వరాలు సి, డి, ఇ ఫ్లాట్, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్ (లేదా బి). వయొలిన్ పై రెండు తీగలు ఎ, ఇ ఈ స్కేల్‌లో లేవు! మెరుపంతా ఉండేది ఆ తీగల్లోనే. అవి మూగబోతాయి. కింద చెల్లో, వయోలాలకి మాత్రం సి తీగ, జి తీగ పూర్తిగా మోగుతాయి. అంటే పైన దీపం తగ్గించి కింద పునాది గట్టిచేసినట్టు. బరువంతా కిందికి దిగుతుంది. నేను వాయించే కుర్చీలో కూర్చుంటే ఇది చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది.

దాన్నే ఒక్క అరమెట్టు పైకి జరిపి సి షార్ప్ మైనర్ చేస్తే నా కింది రెండు తీగలూ కూడా చచ్చాయి. అమరిక అదే, ధ్వని వేరు. గిరిగారూ, మీ కేపో పెడితే ఖాళీ తీగలు కూడా మీతో పాటు జరుగుతాయి కాబట్టే మిమ్మల్ని ఎవరూ తిట్టడం లేదు.

శ్రుతిపెట్టె | ఆదివారం, ఉదయం 10:25

ఆగండాగండి. ఇది నేను ఆలోచించలేదు.

మా కర్ణాటక వయొలిన్‌కి తీగలు ఎప్పుడూ స ప స పలే. పాడేవారి శ్రుతి అయిదు అయితే బిగిస్తాం, ఒకటి అయితే దించుతాం. కాబట్టి ఏ శ్రుతి అయినా షడ్జమ పంచమాలు ఖాళీ తీగలమీదే ఉంటాయి. మాది వాయిద్యమే పాట దగ్గరికి నడుస్తుంది. వాళ్ళ వాయిద్యం నిలబడ్డచోటే నిలబడుతుంది, పాటే వెళ్ళి దాని దగ్గర చోటు చూసుకోవాలి. అందుకే వాళ్ళకి చోటు మారితే ధ్వని మారుతుంది, మాకు మారదు.

రాత్రి మూఢనమ్మకం అన్నంత పని చేశాను, వెనక్కి తీసుకుంటున్నా. సగమే. మిగతా సగం ఇంకా నమ్మకం కుదరలేదు. కిట్టుగారు వాయించేది పియానో కదా? దానికి ఖాళీ తీగలేవి?

బ్యాండ్ మాస్టర్ (రిటైర్డ్) | ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఈ థ్రెడ్ మా అబ్బాయి చూపించాడు. ముప్పై ఏళ్ళు బ్యాండ్‌లో ట్రంపెట్ ఊదినవాణ్ణి, ఒక ముక్క నేనూ చెప్తా.

మీలో ఎన్‌సీసీ చేసినవాళ్ళు బ్యూగిల్ చూసే ఉంటారు. దానికి బటన్లు ఉండవు. పెదవి బిగువుతోనే స్వరం మార్చాలి. అందుకే బ్యూగిల్ కాల్స్ అన్నీ ప, స, గ, ప అని ఆ నాలుగు స్వరాల్లోనే తిరుగుతాయి. బీథోవెన్ కాలం ట్రంపెట్ కూడా అంతే. ఇంకా పొడుగు గొట్టం కాబట్టి పైస్థాయిలో మరికొన్ని స్వరాలు వస్తాయి, కానీ కింద, మధ్యలో స, గ, పలే దిక్కు. సి ట్రంపెట్ అయితే సి, ఇ, జి. ఇత్తడి వాయిద్యాలకి వాల్వులు 1814 ప్రాంతంలో వచ్చాయి, వాటిని ఆర్కెస్ట్రాలు ఒప్పుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

చూడండి ఇక్కడ తమాషా. ఆ 'గ' అంతర గాంధారం. మైనర్‌లో ఉండేది సాధారణ గాంధారం. అంటే సి మైనర్ పాట నడుస్తున్నంతసేపూ ట్రంపెట్‌వాడికి సి, జి తప్ప పెద్దగా పని లేదు. గాంధారం ఊదాడా, పాట చెడుతుంది. టింపనీ డోళ్ళు కూడా రెండే, సి ఒకటి, జి ఒకటి. మన మృదంగం వాళ్ళు ఒకటి శ్రుతికొకటి, అయిదు శ్రుతికొకటి మోసుకొస్తారు చూడండి, అలాగే డోలు శ్రుతి ముందే బిగించుకోవాలి.

ఇక ఐదో సింఫనీ ఆఖరి భాగం సి మేజర్‌లో మొదలవుతుంది. సి, ఇ, జి! సి మైనర్‌లో నోరు కట్టేసి కూర్చోబెట్టిన ట్రంపెట్‌కి గాంధారం దొరికింది. వెలుగు వచ్చిందంటారే, ఆ వెలుగు గొట్టంలోంచి వచ్చింది సార్.

గిటార్ గిరి | ఆదివారం, మధ్యాహ్నం 2:31

మాస్టారూ, దండం. ఈ పోస్టుని ప్రింట్ తీసి పెట్టుకుంటా.

డల్లాస్ చెల్లో | ఆదివారం, సాయంత్రం 6:40

మాస్టారుగారూ, భలే చెప్పారు. అదే సింఫనీలో హార్న్‌ల కథ కూడా ఉంది. మొదటి మూవ్‌మెంట్‌లో రెండో థీమ్ రాబోతుందని ఇ ఫ్లాట్ హార్న్‌లు గట్టిగా పిలుస్తాయి. అదే పిలుపు చివర్లో మళ్ళీ సి మేజర్‌లో రావాలి. కానీ ఆ హార్న్‌లకి అక్కడ ఆ స్వరాలు లేవు. బీథోవెన్ ఆ పని బసూన్లకి అప్పగించాడు. ఇప్పటి హార్న్‌లకి అన్ని స్వరాలూ వస్తాయి కాబట్టి కొందరు కండక్టర్లు హార్న్‌లకే ఇచ్చేస్తారు. నాకు బసూన్లే ఇష్టం. పెళ్ళికి బ్యాండ్ రాకపోతే మేనమామే ముందుకొచ్చి పాడినట్టు ఉంటుంది.

సి మైనర్ నుంచి సి మేజర్‌కి దాటడం బీథోవెన్ కనిపెట్టింది కాదు. హైడన్ 'క్రియేషన్' 1798లో వియన్నాలో మొదట పాడారు. ఆరంభంలో సృష్టికి ముందున్న గందరగోళం, సి మైనర్. తర్వాత కోరస్ చాలా మెల్లగా "వెలుగు కలిగెను" అనగానే మొత్తం ఆర్కెస్ట్రా సి మేజర్‌లో బద్దలవుతుంది. బైబిల్ తెలిసినవాళ్ళకి ఆ మాట ఎంత బరువైందో నేను చెప్పక్కర్లేదు. పదేళ్ళ తర్వాత బీథోవెన్ మాటలు తీసేసి అదే పని చేశాడు.

మూడో మూవ్‌మెంట్ చివర వినండి. తీగలు ఎ ఫ్లాట్ మీద ఆగిపోతాయి. టింపనీ ఒక్కటే సి మీద గుండె కొట్టుకున్నట్టు మెల్లగా కొడుతూ ఉంటుంది. ఎటు వెళ్తుందో తెలియదు. అక్కడ మేం బో సగం గాల్లో పట్టుకుని ఉంటాం, ఆరేళ్ళైనా నాకు టెన్షనే. తర్వాత ఒక్కసారిగా పైకి లేచి తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు వెనకాల అప్పటిదాకా ఖాళీగా కూర్చున్న ట్రోంబోన్లు మూడు, పిక్కోలో, కాంట్రాబసూన్ ఉంటాయి.

మొజార్ట్ రసికుడు | ఆదివారం, రాత్రి 9:15

అందరూ వెలుగు వెలుగు అంటున్నారు, కాస్త ఆగండి. మోజార్ట్ సి మైనర్ పియానో కాన్సర్టో, కె. 491 (మోజార్ట్ రచనల జాబితాలో దాని నంబరు), 1786లో రాసింది. అది చివరిదాకా సి మైనరే. వెలుగు లేదు, ఓదార్పు లేదు. మోజార్ట్ పియానో కాన్సర్టోల్లో మైనర్‌వి రెండే, వాటిలో ఇది ఒకటి. బీథోవెన్‌కి ఇది ప్రాణం. ఆయన మూడో కాన్సర్టో మొదలయ్యే తీరు దీని నీడలోనే ఉంది. తీగలన్నీ ఒకే స్వరంలో, మెల్లగా, సి నుంచి ఇ ఫ్లాట్ మీదుగా. ఆ తర్వాత ఆయన చివర్లో సి మేజర్‌కి వెళ్ళిపోయాడు. మోజార్ట్ వెళ్ళలేదు. నా ఓటు మోజార్ట్‌కే.

ఇంకొకటి. "మాటిమాటికీ అక్కడికే" అని శీర్షికలో ఉంది. లెక్క పెడదాం. బీథోవెన్ 9 సింఫనీల్లో సి మైనర్ ఒకటే. 5 పియానో కాన్సర్టోల్లో ఒకటే. 32 సొనాటాల్లో మూడు. అంత ఎక్కువేం కాదు. కాకపోతే ఎక్కడ వచ్చిందో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. పదకొండేళ్ళ పిల్లాడిగా 1782లో అచ్చు వేయించిన మొట్టమొదటి రచన, డ్రెస్లర్ మార్చ్ మీద వేరియేషన్లు, సి మైనర్. 1822 నాటి ఆఖరి పియానో సొనాటా, ఓపస్ 111, సి మైనర్. మధ్యలో ఓపస్ 1లో మూడో ట్రియో. అది ఇప్పుడే అచ్చు వేయొద్దని హైడన్ సలహా ఇచ్చాడని బీథోవెన్ శిష్యుడు రీస్ రాశాడు. మూడో సింఫనీ ఎరోయికాలోని శవయాత్ర మార్చ్ కూడా ఇదే స్కేల్.

శ్రుతిపెట్టె | ఆదివారం, రాత్రి 9:50

నా మిగతా సగం అనుమానానికి ఎవరూ జవాబు చెప్పలేదు. పియానో సంగతేమిటి?

ఇంకో సందేహం. అప్పట్లో శ్రుతి ఇప్పటి 440 (ఎ స్వరానికి సెకనుకి అన్ని కంపనాలు) కాదు కదా?

మొజార్ట్ రసికుడు | ఆదివారం, రాత్రి 10:20

కాదు. 440 అంతర్జాతీయంగా ఒప్పుకున్నది 1939లో లండన్‌లో. అంతకుముందు 1859లో ఫ్రాన్స్ 435 అని చట్టమే చేసింది. మోజార్ట్, బీథోవెన్ కాలపు వియన్నా సంగీతాన్ని పాత వాయిద్యాల మీద వాయించేవాళ్ళు ఇవాళ 430 పెట్టుకుంటారు, బాఖ్ సంగీతానికి 415. 415 అంటే దాదాపు ఒక అరమెట్టు కింద. అంటే బాఖ్ సి మైనర్‌ని అలా వింటే మన చెవికి ఇప్పటి బి మైనర్‌లా తగులుతుంది. కాబట్టి ఆ ఫ్రీక్వెన్సీలోనే ఏదో మహిమ ఉందనేవాళ్ళ వాదన ఇక్కడే కూలిపోతుంది. చెల్లోగారు, బ్యాండ్ మాస్టర్ చెప్పింది మాత్రం కూలదు, ఎందుకంటే తీగలూ గొట్టాలూ కూడా కలిసే దిగుతాయి.

పియానో సంగతి: అప్పటి శ్రుతి చేసే పద్ధతిలో పన్నెండు అరమెట్లూ కచ్చితంగా సమానం కావు. కొన్ని స్కేళ్ళు తీయగా, కొన్ని కాస్త కారంగా పలికేవి. కిట్టుగారి కీబోర్డ్‌లో అన్నీ సమానం. కాబట్టి చెవి వరకూ బటన్ వాదన ఇవాళ నిజమే. కానీ ఒకటి మర్చిపోవద్దు. కె. 491ని మనసులో పెట్టుకుని బీథోవెన్ కూర్చుని సి మైనర్ పట్టుకుంటే, ఆ చేతులకి ఆ చోటు జ్ఞాపకం ఉంటుంది. తర్వాత వచ్చిన ప్రతివాడికీ ఆ చోట బీథోవెన్ జ్ఞాపకం ఉంటుంది. స్కేల్ అనేది పాత ఇల్లులాంటిది, ఖాళీగా ఉన్నా ఎవరున్నారో తెలుస్తూనే ఉంటుంది.

డల్లాస్ చెల్లో | సోమవారం, ఉదయం 6:15

ఆ పాత ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడ్డది బ్రామ్స్. మొదటి సింఫనీ మొదటి మూవ్‌మెంట్ 1862లోనే క్లారా షూమన్‌కి పంపాడు. మొత్తం సింఫనీ బయటికి వచ్చింది 1876 నవంబర్‌లో, కార్ల్స్‌రూహేలో. అప్పటికి ఆయనకి 43. క్లారాకి పంపినదానికి ముందుమాటలా ఒక ఆరంభం తర్వాత చేర్చాడు. అందులో టింపనీ సి మీద ఆగకుండా బాదుతూనే ఉంటుంది. బీథోవెన్‌లో చీకట్లో మెల్లగా తట్టిన అదే సి, ఇక్కడ మొదటి క్షణం నుంచే తలుపు పగలగొడుతున్నట్టు. నేను అలా వింటాను, బ్రామ్స్ అలా అనుకున్నాడో లేదో ఆయనకే తెలియాలి.

ఆరున్నొక్క రాగం | సోమవారం, ఉదయం 8:40

రహ్మానినోవ్‌ని వదిలేశారు. 1897లో మొదటి సింఫనీ ఘోరంగా దెబ్బతింది, మనిషి రాయడమే మానేసే స్థితికి వచ్చాడు. డాక్టర్ డాల్ దగ్గర హిప్నాసిస్ వైద్యం చేయించుకుని లేచి రాసింది రెండో పియానో కాన్సర్టో. 1901లో పూర్తిగా వాయించాడు, అంకితం ఆ డాక్టర్‌కే. సి మైనర్‌లో మొదలై సి మేజర్‌లో ముగుస్తుంది. పియానో మొదట గంటలు మోగినట్టు ఒంటరిగా కొట్టే కార్డ్‌లు ఎఫ్ మైనర్ వైపు నుంచి వచ్చి సి మైనర్‌లో పడతాయి.

కిట్టు అన్నా, మీకో కబురు. మీ 13 బార్ల ప్రెల్యూడ్ మీదే రహ్మానినోవ్ 22 వేరియేషన్లు రాశాడు, ఓపస్ 22. షోపాన్ సి మైనర్‌లోనే ముగించి వెళ్ళిపోయాడు. ఈయన మాత్రం సి మేజర్‌లో ముగించాడు.

మొజార్ట్ రసికుడు | సోమవారం, మధ్యాహ్నం 1:05

చూశారా, వెలుగు లేకపోతే వీళ్ళకి నిద్ర పట్టదు. నిజంగా నిద్ర పట్టనిది రష్యా స్వరకర్త షొస్తకోవిచ్‌కి. నాలుగో సింఫనీ సి మైనర్. 1936లో రిహార్సల్స్ నడుస్తుండగానే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. జనం విన్నది 1961 డిసెంబర్‌లో, పాతికేళ్ళ తర్వాత. చివర పెద్ద సి మేజర్ గర్జన వస్తుంది, హమ్మయ్య అనుకుంటాం. తర్వాత అది కూలిపోయి, సెలెస్టా (చిన్న గంటల్లా పలికే కీబోర్డ్) నాలుగు చుక్కలు రాల్చి, సి మైనర్‌లోనే ఆరిపోతుంది. బీథోవెన్ తెరిచిన తలుపు ఈయన చూపించి మళ్ళీ మూసేశాడు.

డల్లాస్ చెల్లో | సోమవారం, రాత్రి 8:30

షొస్తకోవిచ్ ఎనిమిదో క్వార్టెట్ (నాలుగు తీగ వాయిద్యాల రచన) కూడా సి మైనరే. 1960 జులైలో డ్రెస్డెన్ దగ్గర మూడు రోజుల్లో రాశాడు. ఫాసిజానికి, యుద్ధానికి బలైనవారికి అని అంకితం. మొదటి నాలుగు స్వరాలు చెల్లో ఒక్కటే వాయిస్తుంది: డి, ఇ ఫ్లాట్, సి, బి. జర్మన్ పద్ధతిలో ఆ స్వరాల పేర్లు చదివితే డి, ఎస్, సి, హెచ్. ఆయన పేరులోని అక్షరాలే. మన స్వరాల్లో రి గ స ని. శ్రుతిపెట్టెగారూ, పాడి చూడండి, సాధారణ గాంధారం, కాకలి నిషాదం.

శ్రుతిపెట్టె | సోమవారం, రాత్రి 8:52

పాడాను. రి గ స ని... కీరవాణి మంద్రంలో తచ్చాడుతున్నట్టే ఉంది, షడ్జం మీద నిలబడనివ్వడు. నిషాదం దగ్గర వదిలేస్తాడేమిటి? మా శిష్యురాలు పక్కగదిలోంచి వచ్చి "ఏమైందండీ" అని అడిగింది.

ఇది మాత్రం ఒకటి శ్రుతిలో పాడితేనే ఆయన పేరు అవుతుంది కదా. నేను రెండు శ్రుతిలో పాడితే రి గ స ని అలాగే ఉంటుంది కానీ అక్షరాలు మారిపోతాయి. సరే. ఓడిపోయాను, రాసిపెట్టుకోండి.

బ్యాండ్ మాస్టర్ (రిటైర్డ్) | సోమవారం, రాత్రి 9:10

ఓటమి ఏముందమ్మా. శ్రుతి కలిసింది, అంతే.

కీబోర్డ్ కిట్టు | మంగళవారం, రాత్రి 11:20

అందరికీ పేరు పేరునా థాంక్స్. రెండు రోజులు ఆఫీసులో పని చేసినట్టు నటించి ఇవన్నీ విన్నాను. ఆ టింపనీ సి దగ్గర హెడ్‌ఫోన్లో వాల్యూమ్ పెంచి, తలుపు తెరుచుకున్నప్పుడు తగ్గించడం మర్చిపోయాను. పక్క సీటు ఆయనకి కూడా సి మేజర్ వినిపించింది.

బటన్ తీసేశాను. మొదటి బార్ వస్తోంది. రెండో బార్ ఎ ఫ్లాట్ మేజర్ వైపు తిరిగే చోట ఎడమచేతి చిటికెన వేలు ఇంకా పక్క కీ మీదే పడుతోంది. మిగిలినవి పదకొండు బార్లు. ఎవరికైనా ఆ చోటికి మంచి ఫింగరింగ్ తెలిస్తే చెప్పండి, శనివారం మాస్టారికి వీడియో పంపాలి.